రెండో నంబరు కాళ్ళు

చెప్పుల కొట్టువాడికి మనుషుల మొహాలు గుర్తుండవని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది. అబద్ధమేమీ కాదు. పెళ్ళిలో ఎవరైనా పలకరిస్తే ముందు వాళ్ళ కాళ్ళకేసి చూస్తాను, ఆ తర్వాతే పేరు నోటికొస్తుంది. టెక్కలి బజారులో ఇరవై ఏళ్ళకు పైగా కాళ్ళ దగ్గర కూర్చుని బతికినవాణ్ణి, అలవాటు ఎక్కడికి పోతుంది? మొన్న మధ్యాహ్నం ఫోన్లో ఒక ఆడపిల్ల గొంతు "బావూ, అమ్మ పోనాది" అనగానే నాకు మొహం గుర్తు రాలేదు. రెండు పాదాలు కళ్ళ ముందుకొచ్చాయి. రెండో నంబరు బూటు పట్టే చిన్న పాదాలు, వేళ్ళు మాత్రం విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి.

ఆవిడ పేరు రాయను. రాస్తే "నా పేరు నీకెందుకు బావూ, నా నంబరు తెలుసు కదా" అనే రకం. బాబూ అనడానికి మా వైపు మాట బావూ. నౌపడకు అవతల సముద్రపొడ్డు పల్లె. చేపల వ్యాపారం. తెల్లవారుజామున చీకటితోనే పడవలు ఒడ్డుకు వస్తాయి. కానాగంతలో కవళ్ళో, దొరికిన చేపలు కొని, తట్ట నెత్తికెత్తుకుని, ఉప్పు మళ్ళ గట్టు మీదుగా నౌపడ స్టేషనుకు పరుగు. గుణుపురం వెళ్ళే పాసింజరు అందితే పర్లాకిమిడిలో మంచి గిరాకీ. అందకపోతే ఎండకు చేప మెత్తబడిపోతుంది, ఆ రోజుకి అంతే సంగతులు. నడిచి వెళ్తారా అని అడిగానొకసారి. "నడిస్తే రైలాగుతాదేటి? పరిగెట్టాల" అంది.

అలా ముప్పై ఏళ్ళు ఉత్తకాళ్ళతో పరిగెత్తింది. ఒకనాడు స్టేషన్లో పక్కావిడ "ఒసే, నీ ఎనక రగతం సూడవే" అని అరిస్తే అప్పుడు చూసుకుందట. మడమలో గవ్వ పెంకు దిగి ఉంది. గట్టు పొడుగునా ఉప్పునీళ్ళలో ఆ కాలితోనే వచ్చింది, చురుక్కుమనలేదు. డాక్టరు చూసి, షుగరు ముదిరి కాళ్ళకు స్పర్శ పోయిందన్నాడు. ఇకమీదట మెత్తటి అడుగున్న పరుగు బూట్లు వేసుకోవాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి అన్నాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందు నా కొట్టుకి వచ్చింది వాళ్ళమ్మాయి. ఇంటరు చదువుతున్న పిల్ల, పొద్దున్నే కాలేజీకి పోతూ వచ్చి, "పరిగెట్టడానికి బూట్లు కావాలండి" అని పుస్తకాల సంచీలోంచి కొబ్బరి ఈనె ముక్క తీసి బల్ల మీద పెట్టింది. మా వైపు ఇది మామూలే. ఊరు దాటి రాలేనివాళ్ళు మడమ నుంచి బొటనవేలి దాకా ఈనె ఆనించి, అంతమేరకు తుంచి, టెక్కలి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపుతారు. ఈనె చూసి మనిషి వయసు చెప్పగలనని నాకు ఊళ్ళో పేరు, ఆ పేరంటే నాకు కొంచెం పొగరు కూడా. ఆ ఈనె జానెడు కూడా లేదు. తమ్ముడో చెల్లెలో స్కూలు ఆటలపోటీకి వెళ్తున్నారనుకున్నాను. ఎవరికి అని అడిగితే నా సొమ్మేం పోయేది? అడగలేదు. మడమ దగ్గర ఎర్రలైట్లు వెలిగే పిల్లల బూట్లు తీశాను. పిల్లలకెప్పుడూ ఇచ్చినట్టే, ఎదిగే కాలు కదా అని, మరో బొటనవేలంత జాగా ఎక్కువ ఉన్నవి చూసి ఇచ్చాను. ఆ పిల్ల మొహమాటస్తురాలు, నోరు విప్పలేదు.

రెండు వారాలు పోయాక ఒక సాయంత్రం, తిరుగు రైలు దిగి ఆవిడే వచ్చింది. ఖాళీ తట్ట గుమ్మం పక్కన బోర్లించి, ఆ బూట్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఈ దీపాల బూట్లు ఇచ్చింది నువ్వేనా బావూ?"

"నేనేనమ్మా. పిల్లకి పట్టలేదా?"

"పిల్లెవులు? ఈ పిల్లకే" అని తన కాలు ముందుకు చాపింది.

యాభై దగ్గర పడిన మనిషి. గట్టు మీద చీకట్లో తను పరిగెడుతుంటే వెనకవాళ్ళు ఎలా నవ్వారో చెప్పింది. "'ఏటే, కాళ్ళకి దీపావలి ఎట్టుకున్నావు' అంటన్నారు" అని తనూ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు పీటమీద కూర్చుని, చిటికెన వేలికి చుట్టిన గుడ్డ విప్పింది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. రేగిపండంత పుండు, అంచులు నల్లబడి ఉన్నాయి. ఈనె పొడవు చెబుతుందే గానీ వెడల్పు చెప్పదు. పిల్లల బూటు ముందువైపు సన్నం. పైగా నేను జాగా ఎక్కువిచ్చాను కనుక కాలు లోపల జారుతూ, జారిన ప్రతిసారీ ఆ వేలిని ఒరుసుకుంటూ పోయింది.

"నొప్పి పుట్టలేదా అమ్మా?"

"నొప్పుంటే మొదటిరోజే తీసి పారేద్దును. ఆ నొప్పే కదా నాకు కరువు."

పుండు మానకపోతే వేలు తీసేస్తానని, ఇంకోసారి పడితే పాదమే పోతుందని డాక్టరు చెప్పాడట. ఇల్లు కదలొద్దన్నాడట. "పోనీ కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండొచ్చుగా" అని నోరు జారాను. ఆవిడ నాకేసి జాలిగా చూసింది. "ఇంట్లో కూకుంటే కాళ్ళుండి ఏటి, నేకపోతే ఏటి? గుంట నర్సు సదువుతానంటన్నాది. మావ పంపింది తిండికి సరిపోతాది, సదువుకి నేను పరిగెట్టాల" అంది. గుంట అంటే కూతురు, మావ అంటే ఆవిడ భర్త. గుజరాత్ బోట్ల మీద చేపలవేటకు పోయి, ఏడాదికో రెండు నెలలు ఇంటి దగ్గర ఉండే మనిషి.

నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. "పుండు మానాక వస్తాను, ఈలోగా నా కాలికి పట్టేవి తెప్పించి ఉంచు" అని తట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మూడు నెలలూ నేను కంపెనీల మనుషుల ప్రాణం తీశాను. ఆడవాళ్ళ పరుగు బూట్లు నాలుగో నంబరు నుంచే మొదలు అన్నాడొకడు. పెద్దవాళ్ళకి చిన్న కాళ్ళుంటే పిల్లల సెక్షన్లో చూసుకోవాలి సార్ అన్నాడింకొకడు. చూసుకునే కదా ఇంత పని చేశాను! బతిమాలి, పోట్లాడి, రెండూ మూడూ నంబర్లలో దొరికినన్ని రకాలు తెప్పించాను. అటక మీద పదకొండు పెట్టెలు చేరాయి. మా ఆవిడ "ఇవి ఎవరికి అమ్ముతావయ్యా" అని గొణిగింది.

పుండు మానింది. ఒక శుక్రవారం సాయంత్రం వచ్చింది. బూట్లు సాయంత్రమే కొనాలమ్మా, అప్పటికి కాళ్ళు ఉబ్బి ఉంటాయి అని నా విద్య ప్రదర్శించబోయాను. "పొద్దుటి కాలు కాలేటి బావూ, అందుకే గదా ఇప్పుడొచ్చాను" అని కూర్చుంది. శుక్రవారం కనుక పాదాలకు దట్టంగా పసుపు ఉంది. కొట్లో తొడిగి చూడ్డానికి ఉంచే తెల్ల సాక్సులిచ్చాను. మొదటి జత వేశాను.

"ఎలా ఉందమ్మా?"

"బాగున్నాది."

రెండో జత. బాగున్నాది. మూడోది కూడా బాగున్నాది. నాలుగో జత తొడిగి, లేచి నాలుగడుగులు వెయ్యమన్నాను. చక్కగా నడిచింది. బాగున్నాది అంది. తీసి చూస్తే, కొత్త బూటు ముక్కులో కుక్కి ఉంచే కాగితం ఉండ లోపలే ఉంది. తియ్యడం మర్చిపోయాను. ఆ ఉండ మీద వేళ్ళు ముడుచుకుని నడిచి, బాగుందని చెప్పింది. ఇరవై ఏళ్ళుగా నేను చేసిన వ్యాపారమంతా ఒక్క ప్రశ్న మీద నడిచింది: "బిగుతుగా ఉందా?" ఆ ప్రశ్నకి జవాబు తెలియని కాలు నా ముందుంది. మళ్ళీ పుండు పడితే పాదం పోతుంది, ఆ బూటు అమ్మేదీ నేనే.

భయాన్ని కోపం చేసుకోవడం నాకు అలవాటు. సాక్సు లాగి చూస్తే పచ్చగా పసుపు మరకలు. "తెల్ల సాక్సమ్మా ఇది, ఇంత పసుపుతో వస్తే నేనేం చెయ్యను, రేపు ఇంకొకరికి ఎలా ఇస్తాను" అని విసుక్కున్నాను. ఆవిడ ఆ సాక్సు నా చేతిలోంచి తీసుకుంది. వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పింది. చాలాసేపు చూసింది.

"ఒరే బావూ, ఇటు సూడు. ఇక్కడ పచ్చగా అంటుకున్నాది, ఇక్కడ అంటనేదు. సిటికినేలు కాడ ఎలాగున్నాదో సూసినావా? అక్కడ కరుస్తన్నాది."

చూశాను. నిజం. ఎక్కడ బూటు నొక్కుతోందో అక్కడ పసుపు ముద్దలా అంటింది. మడమ వెనక జారిన చోట గీతలు గీతలుగా చెదిరింది. కాలు చెప్పలేనిదంతా సాక్సు మీద అచ్చు పడి ఉంది.

"కాలికి తెల్దు. కంటికి తెలస్తాది కదా" అని, కొట్టు వెనక ఇంట్లో ఉన్న మా ఆవిణ్ణి కేకేసి గిన్నెడు పసుపు, చెంబుడు నీళ్ళు తెమ్మంది. తన ఇంట్లో పని పురమాయించినట్టే పురమాయించింది. ఒక్కో జతకి కాళ్ళు కడగడం, తడి పసుపు సమంగా రాయడం, కొత్త సాక్సు, కొట్టు చుట్టూ పది చుట్లు, మళ్ళీ సాక్సు విప్పి వెలుతురులో చూడడం. నేను సాక్సులు మీద సాక్సులు తీసిస్తూనే ఉన్నాను. నా విసుగు ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. తొమ్మిదో పెట్టెలో మగపిల్లల నల్ల పరుగు బూట్లు, రెండో నంబరే, ముందువైపు వెడల్పు. చిటికెన వేలి దగ్గర మాత్రం కొద్దిగా పసుపు ముద్ద కట్టింది. ఆ వేలి పైనున్న కన్నంలోంచి తాడు తప్పించి, పై కన్నానికి ఎక్కించాను. మళ్ళీ తొడిగింది. సాక్సు విప్పితే పాదమంతా ఒకే రంగులో అంటుకుంది.

"ఇదీ బాగున్నాదంటే" అంది. ఇంతకు ముందు ఆవిడ చెప్పిన బాగున్నాదులన్నీ నన్ను బాధపెట్టకుండా చెప్పినవని అప్పుడు అర్థమైంది. అక్షరం ముక్క రాని మనిషి, కొట్టువాడికి కొట్టు విద్య నేర్పి పోయింది. ఆవేళ ఆవిడ ముందు నేను ఎంత చిన్నవాణ్ణయ్యానో చెప్పుకోడానికి సిగ్గుపడను.

ఆ తర్వాత ఐదారేళ్ళు, అడుగు అరిగినప్పుడల్లా వచ్చేది. అరిగిందో లేదో గోటితో గీసి చూసుకునేది. బూటు వేసుకునే ముందు రెండుసార్లు తిరగేసి కొట్టి, లోపల చెయ్యి పెట్టి వేళ్ళతో మూలమూలా తడిమేది. నా కొట్లో కొత్త బూటుకి కూడా అంతే. "సెయ్యి ఎల్లని సోటికి కాలు ఎల్లకూడదు" అనేది. బొడ్లో ఎప్పుడూ చిన్న అద్దం ఉండేది. పర్లాకిమిడి రైల్లో కూర్చుని బూట్లు విప్పి ఆ అద్దంలో అరికాళ్ళు చూసుకుంటుంటే, ముస్తాబు చూసుకుంటోందనుకుని పక్కనున్న కాలేజీ పిల్లలు ముసిముసిగా నవ్వారట. "నా ముకం ఎవులు సూస్తారు బావూ? సూసేవోడు గుజరాత్‌లో ఉన్నాడు. కాళ్ళు నేనే సూసుకోవాల" అంది ఆ సంగతి చెబుతూ. పర్లాకిమిడి ఒడియా ఆడవాళ్ళు ఆవిణ్ణి జొతా మావుసీ అని పిలిచేవారు, బూట్ల పిన్ని అని. ఆ పేరు చెప్పుకున్నప్పుడు మటుకు కొంచెం సిగ్గుపడేది.

ఒకసారి పలాసలో చుట్టాల పనికని తెల్లారేసరికి నౌపడ స్టేషనుకు వెళ్ళాను. ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉంటే ఉప్పు మళ్ళ మధ్యన గట్టు మీద వరసగా తట్టలు వస్తున్నాయి. ముందు తట్టలు కనబడ్డాయి, తర్వాత మనుషులు. అందరికంటే ముందు ఈవిడ. మెడ కదలదు. ఒక చెయ్యి తట్టకి, ఒక చెయ్యి గాలిలో. నడుము పైభాగమంతా ఎక్కడిదక్కడ ఉంది, కింద ఆ చిన్న నల్ల బూట్లు మాత్రం కుట్టుమిషను సూదిలా ఆడుతున్నాయి. నెత్తి మీద పాతిక కేజీలు ఉంటాయి, వయసు యాభై దాటింది. రైలు కూత వినబడింది. ఆవిడ ఇంకా జోరు పెంచింది. నేను ఆటలపోటీల్లో పరుగులు చూశాను, బహుమతులిచ్చే వేదికల మీద కూర్చున్నాను. అంత పరుగు నేనెక్కడా చూడలేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయి, నేను ఎక్కాల్సిన బండి సంగతి మర్చిపోయాను. ఆవిడ నన్ను దాటుకుంటూ, ఆగకుండానే, "ఏటి బావూ, నీ బూట్లు సూడ్డానికొచ్చావా" అని పెట్టెలోకి ఎక్కేసింది.

ఒక్క సంగతి మాత్రం నాలో నలుగుతూనే ఉండేది. ఆవిడ కాలు చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఆ చిటికెన వేలి మీద మచ్చ కనబడేది. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను: "అమ్మా, ఆ మొదటి జత ఎవరికని అడక్కుండా ఇచ్చాను. తప్పు నాదే." ఆవిడ "ఊఁ" అంది. తాడు సరిగ్గా తప్పించానో లేదో చూసుకుని, తట్ట ఎత్తుకుని పోయింది. ఆ ఊఁకి అర్థమేమిటో తెలియక నేను చాన్నాళ్ళు కొట్టుకున్నాను.

కూతురు నర్సు చదువులో ఉండగానే ఆవిడ భర్త పోయాడు. గుజరాత్‌లో బోటు మీదే గుండె ఆగిందట. ఆరు నెలల దాకా ఆవిడ కొట్టుకి రాలేదు. వచ్చిన రోజున పీట మీద కూర్చుని కాళ్ళు చాపితే, అవి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పసుపు లేదు. కొత్త జత నా ఒళ్ళో ఉంది. లోపల గుమ్మంలో మా ఆవిడ, అలవాటుగా తెచ్చిన పసుపు గిన్నె కొంగు చాటున దాచుకుని నిలబడిపోయింది. భర్త పోయిన మనిషిని పసుపు రాసుకోమని ఏ నోటితో చెప్పడం? రాయకపోతే బూటు కరుస్తోందో లేదో ఎలా తెలియడం? పైగా ఆవిడ ఊరిదే ఒక పెద్దావిడ మనవడికి చెప్పులు కొంటూ అక్కడే ఉంది. నేను బుర్ర గోక్కుని, "పోనీ ముగ్గుపిండి తెప్పించనా అమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వింది. ఆరు నెలల తర్వాత ఆ నవ్వు వినడం. "తెల్ల సాక్సు మీద తెల్ల పిండి ఏటి కనబడతాది? నీ తెలివి తెల్లారినట్టే ఉన్నాది" అని, గుమ్మం వైపు తిరిగి, "దాసకు తల్లీ, పసుపు ఇటు తే" అంది.

పెద్దావిడ బుగ్గలు నొక్కుకుంది. "ఒసే, ఇదేటే? ఆడు పోయి ఏడాదేనా తిరగనేదు, పసుపు రాస్తావా?"

ఆవిడ అప్పటికే గిన్నెలో నీళ్ళు పోసి కలుపుతోంది. "మావకి రాసింది మావతోటే పోనాది అత్తా. ఇది కాలికి. ఈ కాలు పోతే గుంట సదువు ఎవులు సదివిస్తారు, నువ్వా?" గొంతు పెంచలేదు. కుడికాలికి, ఎడమకాలికి, వేళ్ళ సందుల్లో, మడమకి రాసుకుంటూ వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులకి పసుపు. మా ఆవిడ ముందుకొచ్చి తన కొంగుతో ఆవిడ కళ్ళు తుడిచింది. పెద్దావిడ మనవడి చెప్పులవైపు తిరిగింది. నేను సాక్సు తొడిగాను. పది చుట్లు తిరిగింది. వెలుతురులో చూసి, సరిపోయిందని చెప్పి, మా కుళాయి దగ్గర కాళ్ళు శుభ్రంగా కడుక్కుంది. గోళ్ళ అంచుల్లో కొద్దిగా మిగిలింది. రెండుసార్లు రుద్ది, "పోకపోతే పోనీ" అని బూట్లు తొడుక్కుని రైలుకి పోయింది. ధైర్యవంతుల కథలు చిన్నప్పటినుంచీ చాలానే విన్నాను. కళ్ళారా చూసింది ఆ సాయంత్రమే.

ఆ పిల్ల నర్సు చదువు పూర్తి చేసింది, విజయనగరంలో ఆసుపత్రి ఉద్యోగంలో చేరింది. ఇక కూర్చోవచ్చు కదమ్మా అంటే ఆవిడ వినలేదు. పోయేముందు వారం దాకా రైలందుకుంటూనే ఉందట. నాలుగు రోజుల జ్వరం. అంతే.

ఫోను రాగానే కొట్టు మూసి నౌపడ మీదుగా వాళ్ళ పల్లెకు వెళ్ళాను. ఇంటి ముందు పందిరి కింద పడుకోబెట్టారు. జనం మూగి ఉన్నారు. చేపలమ్మే ఆడవాళ్ళు గుండెలు బాదుకుని ఏడుస్తున్నారు. కొత్తవాణ్ణి కనుక వెనకే నిలబడ్డాను. వాళ్ళమ్మాయి నన్ను చూసి లేచి వచ్చి, చెయ్యి పట్టుకుని జనాన్ని తప్పించి ముందుకు తీసుకుపోయింది. నేను తల వైపు వెళ్ళబోతే ఆపి, కాళ్ళ దగ్గరికి తెచ్చింది. వంగి, పాదాల మీద గుడ్డ పక్కకి తీసింది.

"అమ్మ సెప్పింది బావూ. జరంలో కూడా మరిసిపోకుండా సెప్పింది. 'ఆ బూట్ల కొట్టు బావు వస్తాడు. మంచోడు, ఆ సిటికినేలు బెంగ ఆడికింకా పోనేదు. ఆడికి ముందు కాళ్ళు సూపించు. పది వేళ్ళూ ఉన్నాయని సెప్పు' అన్నాది."

నేను కొట్లో కూర్చున్నట్టే ఆ పాదాల ముందు నేల మీద కూర్చున్నాను. ఏడుపులో కళ్ళు సరిగ్గా కనబడక, ఒక్కో వేలూ చేత్తో ముట్టుకుని చూసుకున్నాను. పదీ ఉన్నాయి.